ఒంటరిగా కొండ ఎక్కినవాడు, ఇంటి దగ్గర ఎదురుచూసినవారు

మన గోదావరి డెల్టాలో పుట్టి పెరిగినవారికి కొండ అంటే దూరం నుండి చూసేదే. అమలాపురం నుండి భీమవరం దాకా ఎటు చూసినా వరిచేలు, కొబ్బరితోటలు, కాలువలు. మనకు తెలిసిన ఎత్తు కాలువగట్టు, లేకపోతే ఏటిగట్టు. ధరలు కొండెక్కాయనీ, దీపం కొండెక్కిందనీ మాటల్లో అంటామే గాని, కాళ్ళతో ఎక్కటానికి మన ఊళ్ళలో కొండలు లేవు. ఎప్పుడైనా లాంచీమీద వెళ్ళి పాపికొండలు చూసి, అదే గొప్పగా చెప్పుకుంటాం.

అయితే మన పిల్లలు ఇప్పుడు మన గట్లు దాటి వెళ్తున్నారు. చదువుకని కొందరు, ఉద్యోగానికని కొందరు, గల్ఫు దేశాలలో కూలికని కొందరు. అలా వెళ్ళినవారిలో కొందరు యౌవనస్థులు సెలవు రోజుల్లో అక్కడి కొండలెక్కి ఫోటోలు పంపుతున్నారు. ఆ ఫోటో చూసిన తల్లి ముందుగా అడిగే మాట "ఎంత ఎత్తెక్కావురా?" అని కాదు. "నీతో ఇంకెవరున్నారు నాన్నా?" అని అడుగుతుంది. "ఎవరూ లేరమ్మా, ఒక్కణ్ణే వెళ్ళాను" అని జవాబు వస్తే ఆ రాత్రి ఆమెకు నిద్ర పట్టదు.

ఆ తల్లి భయం న్యాయమైనదా? ఆ కొడుకు ధైర్యం న్యాయమైనదా? ఈ రెండు ప్రశ్నలకూ జవాబు వెదకటానికి మన రాష్ట్రంలోనే పుట్టిన ఒక మనిషి జీవితం చూద్దాం. ఆయన పేరు మల్లి మస్తాన్‌బాబు.

పెన్నా ఒడ్డు పిల్లవాడు

మస్తాన్‌బాబు 1974 సెప్టెంబరు 3వ తేదీన నెల్లూరు జిల్లా సంగం మండలంలోని గాంధీ జనసంగం అనే చిన్న గ్రామంలో పుట్టారు. మనకు ధవళేశ్వరం ఎలాగో, ఆ ప్రాంతానికి పెన్నా నది మీద సంగం ఆనకట్ట అలాగే. అదీ వరి పండే నేలే. మంచు కొండ అన్నది ఆ పిల్లవాడు ఊహించనైనా లేని వస్తువు.

విజయనగరం జిల్లా కోరుకొండలోని సైనిక పాఠశాలలో ఆయనకు సీటు వచ్చింది. ఆ పాఠశాలలో ఒక విగ్రహం ఉన్నది. అది అక్కడే చదువుకొని సైన్యంలో చేరిన లెఫ్టినెంట్ ఎం. ఉదయభాస్కరరావు విగ్రహం. 1985లో మన సైన్యం ఎవరెస్టు శిఖరానికి పంపిన బృందంలో ఆయన ఉన్నారు. ఆ సంవత్సరం అక్టోబరులో కొండమీద మంచు తుఫానులో చిక్కుకొని మరణించిన అధికారులలో ఆయన ఒకరు. చిన్న మస్తాన్ ఆ విగ్రహం ముందునుండి రోజూ నడిచేవాడు. కొండలమీద ఆశ అక్కడే మొదలైందని తరువాత చెప్పుకున్నారు.

ఇక్కడ ఒక్క క్షణం ఆగాలి. ఆ పిల్లవాడికి ఆశ పుట్టించినది గెలిచి వచ్చినవాని విగ్రహం కాదు, తిరిగి రానివాని విగ్రహం. కొండ అంటే ఏమిటో, అది ఏమి అడుగుతుందో ఆయనకు చిన్ననాటినుండే తెలుసు. తెలిసే వెళ్ళారు.

చదువులో ఆయన వెనుకబడినవాడు కాదు. జంషెడ్‌పూర్‌లో ఇంజనీరింగు, ఖరగ్‌పూర్ ఐ.ఐ.టి.లో పై చదువు, కొంతకాలం కంప్యూటరు ఉద్యోగం, ఆ తరువాత కలకత్తా ఐ.ఐ.ఎం.లో మేనేజిమెంటు చదువు పూర్తిచేశారు. ఆ డిగ్రీ చేత పట్టుకొని ఏ పెద్ద కంపెనీ తలుపు తట్టినా తెరుచుకొనేది. పల్లెటూరి ఇంటినుండి వచ్చిన కొడుకు అంత చదివితే ఇంటివారు దేనికి ఎదురుచూస్తారో మనకు తెలియనిది కాదు. ఆయన మాత్రం కొండలవైపు తిరిగారు.

172 రోజులు

భూమిమీద ఏడు ఖండాలున్నాయి. ఒక్కొక్క ఖండంలో అన్నిటికంటే ఎత్తైన శిఖరం ఒకటుంటుంది. ఆ ఏడింటినీ ఎక్కటం కొండలెక్కేవారికి పెద్ద లక్ష్యం. చాలామందికి దానికి ఏళ్ళు పడుతుంది. మస్తాన్‌బాబు 2006లో ఆ ఏడింటినీ 172 రోజులలో ముగించారు. ఆ వరుస చూడండి.

జనవరి 19న అంటార్కిటికాలోని విన్సన్ శిఖరం, 4,892 మీటర్లు. ఫిబ్రవరి 10న దక్షిణ అమెరికాలోని అకొంకాగువా, 6,961 మీటర్లు. మార్చి 15న ఆఫ్రికాలోని కిలిమంజారో, 5,895 మీటర్లు. ఏప్రిల్ 1న ఆస్ట్రేలియాలోని కోషియస్కో, 2,228 మీటర్లు. మే 21న మన ఆసియాలోని ఎవరెస్టు, 8,848 మీటర్లు. జూన్ 13న ఐరోపాలోని ఎల్‌బ్రస్, 5,642 మీటర్లు. జూలై 10న ఉత్తర అమెరికాలో అలాస్కాలోని డెనాలి, 6,190 మీటర్లు. మెకిన్లీ శిఖరం అన్నా అదే.

ఇంకొక చిత్రం కూడా ఉన్నది. ఆ ఏడు శిఖరాలనూ వారంలోని ఏడు వేర్వేరు రోజులలో ఎక్కారు. ఎవరెస్టు ఆదివారం, డెనాలి సోమవారం, అలా ఏ రోజూ రెండుసార్లు రాలేదు. ఆ కాలానికి అంత త్వరగా ఏడూ ముగించటం రికార్డుగా లెక్కించారు. ఆ తరువాత ఇతరులు దానిని దాటారు. ఆస్ట్రేలియా ఖండానికి న్యూగినీ ద్వీపంలోని కార్స్‌టెన్జ్ శిఖరాన్నే లెక్కపెట్టాలని కొందరంటారు. అదే సంవత్సరం అక్టోబరులో దానిని కూడా ఎక్కి ఆ మాట కూడా లేకుండా చేశారు.

ఆరు నెలలలో ఏడు ఖండాలు! ఒక కొండ దిగి, బట్టలు ఆరకముందే ఇంకొక దేశానికి విమానం ఎక్కాలి. వీసాలు, అనుమతులు, డబ్బు, సామాను, భాష తెలియని ఊళ్ళు. కొండకంటే ముందు ఇవన్నీ ఎక్కాలి.

కొండ మనిషిని ఏమి చేస్తుంది?

మనవంటివారికి ఇందులోని కష్టం ఏమిటో తెలియాలంటే గాలి సంగతి తెలియాలి. మన డెల్టాలో, సముద్రానికి దగ్గరగా, గాలి ఒత్తిడి నిండుగా ఉంటుంది. పైకి పోయేకొద్దీ గాలి పలుచబడుతుంది. సుమారు 5,500 మీటర్ల ఎత్తున ఒత్తిడి ఇక్కడి దానిలో సగమే. ఎవరెస్టు కొనమీద మూడవ వంతే. అంటే మనకు ఇక్కడ ఒక్క ఊపిరిలో దొరికే ప్రాణవాయువు అక్కడ మూడుసార్లు పీల్చితే గాని దొరకదన్నమాట. చలి సంగతి సరేసరి. ప్రతి వెయ్యి మీటర్లకు వేడిమి ఆరేడు డిగ్రీలు తగ్గుతూ పోతుంది.

శరీరం ఈ మార్పుకు అలవాటు పడగలదు గాని దానికి సమయం ఇవ్వాలి. అందుకే 3,000 మీటర్లు దాటిన తరువాత ఏ రాత్రీ అంతకు ముందు పడుకున్న చోటుకంటే 500 మీటర్లకు మించి పైన పడుకోరాదనీ, మూడు నాలుగు రోజులకొకసారి ఒక రోజు విశ్రాంతి తీసుకోవాలనీ వైద్యులు చెబుతారు. తొందరపడితే ముందు తలనొప్పి, వాంతులు, నిద్రలేమి వస్తాయి. అవి లెక్కచేయక పైకి పోతే ఊపిరితిత్తులలో నీరు చేరవచ్చు, మెదడు వాయవచ్చు. అప్పుడు చేయవలసిన మొదటి పని ఒక్కటే, వెంటనే క్రిందికి దిగటం.

ఒంటరిగా వెళ్ళినవానికి అసలు ప్రమాదం ఇక్కడే ఉన్నది. మెదడుకు ప్రాణవాయువు చాలనప్పుడు మనిషి తడబడతాడు, తప్పు నిర్ణయాలు చేస్తాడు, అయితే తాను బాగానే ఉన్నానని అనుకుంటాడు. ప్రక్కన ఒక మనిషి ఉంటే "నీ మాట తేడాగా ఉన్నది, దిగుదాం పద" అని చెయ్యి పట్టుకొని దింపుతాడు. ఒంటరివానికి ఆ మాట చెప్పేదెవరు? కాలు బెణికితే కట్టు కట్టేదెవరు? గుడారం, పొయ్యి, ఆహారం అన్నీ తన వీపుమీదే మోయాలి. అలసట రెట్టింపు, ఆలోచించే బుర్ర ఒక్కటే.

అందుచేతనే కొన్ని దేశాలు చట్టాలే చేశాయి. కిలిమంజారో ఎక్కాలంటే లైసెన్సున్న గైడు వెంట ఉండి తీరాలి. నేపాలు ప్రభుత్వం కూడా ఎవరెస్టు మొదలైన శిఖరాలకు ఒంటరిగా వెళ్ళరాదని 2017 చివరలో నిబంధన పెట్టింది.

ఆఖరి ప్రయాణం

మస్తాన్‌బాబు 2014 డిసెంబరులో మరొకసారి దక్షిణ అమెరికాకు వెళ్ళారు. అక్కడి ఆండీస్ పర్వతాలు ఆయనకు క్రొత్త కావు. 2015 మార్చి 24న అర్జెంటీనా, చిలీ దేశాల సరిహద్దులో ఉన్న సెర్రో ట్రెస్ క్రూసెస్ సుర్ అనే శిఖరానికి ఒంటరిగా బయలుదేరారు. దాని ఎత్తు 6,700 మీటర్లకు పైనే. ఆ రోజు తరువాత ఆయననుండి కబురు లేదు.

సరిగ్గా ఆ రోజులలోనే ఆ ప్రాంతంలో వాతావరణం తిరగబడింది. ఉత్తర చిలీలోని అటకామా ఎడారి లోకంలో అన్నిటికంటే వానలు తక్కువ పడే చోట్లలో ఒకటి. అటువంటి చోట 2015 మార్చి 24, 25 తేదీలనుండి కురిసిన వానలకు వరదలు వచ్చి ఊళ్ళు బురదలో మునిగాయి, మనుషులు చనిపోయారు. క్రింద ఎడారిలోనే అలా ఉంటే, పైన కొండమీద మంచు, గాలి ఎలా ఉండి ఉంటాయో ఊహించుకోవచ్చు. అంత అనుభవమున్న మనిషికి కూడా ఆ వాతావరణం దారి ఇవ్వలేదు.

వెదకటం మొదలైంది. హెలికాప్టర్లు వెళ్ళాయి. రెండు దేశాలలోనూ గాలించారు. వాతావరణం ఆ పనికి కూడా అడ్డుపడింది. ఇక్కడ నెల్లూరు జిల్లాలో ఇంటివారు రోజులు లెక్కపెట్టుకుంటూ కూర్చున్నారు. ఏప్రిల్ మొదటి వారంలో ఆయన మృతదేహం కనిపించింది. ఆ నెలాఖరుకు దేహం స్వగ్రామానికి చేరింది. ప్రభుత్వ లాంఛనాలతో అంత్యక్రియలు జరిగాయి. అప్పటికి ఆయన వయస్సు 40 సంవత్సరాలు.

ఏడు ఖండాలమీద జెండా పాతినవాడు, ఎన్నో శిఖరాలు ఎక్కి దిగినవాడు, ఒక్క శిఖరంనుండి దిగలేకపోయాడు. ఆయన ధైర్యాన్ని తక్కువ చేయటానికి ఈ మాట వ్రాయటం లేదు. కొండకు మన పాత గెలుపులు జ్ఞాపకం ఉండవు. ప్రతిసారీ మొదటిసారి వచ్చినవానివలెనే చూస్తుంది.

మనకు తెలిసిన ఎదురుచూపు

ఇది దూరదేశపు కథ అని ప్రక్కన పెట్టకండి. 1996 నవంబరు 6వ తేదీ రాత్రి తుఫాను మన కోనసీమను, తూర్పు తీరాన్ని కొట్టింది. వెయ్యిమందికి పైగా ప్రాణాలు పోయాయి. అంతకు ముందే వేటకు వెళ్ళిన పడవలు సముద్రంలో ఉన్నాయి. భైరవపాలెం, బలుసుతిప్ప వంటి పల్లెలలో భార్యలు, తల్లులు రోజుల తరబడి ఒడ్డున నిలబడి చూశారు. చాలామందికి దేహం కూడా దొరకలేదు. ఎదురుచూపు అంటే ఏమిటో, "వస్తాడేమో" అన్న మాట ఎంత బరువైనదో మన తీరగ్రామాలకు చెప్పనక్కరలేదు.

అంతకు ముందు కాలంలో ఇంకొక పేరు ఉన్నది. మన సంఘాలలో పెద్దవారందరికీ అది తెలిసిన పేరే, సాధు సుందర్‌సింగ్. పంజాబులో 1889లో పుట్టిన ఆయన కాషాయ వస్త్రం ధరించి, చాలాసార్లు కాలినడకన హిమాలయాలు దాటి టిబెట్టు వైపు ప్రయాణం చేశారు. 1929 ఏప్రిల్‌లో సిమ్లా కొండలనుండి మళ్ళీ టిబెట్టుకు బయలుదేరారు. ముందుగా మిత్రులకు తన ప్రయాణం సంగతి తెలియజేశారు. తిరిగి రాలేదు. మిత్రులు ఆ దారిన వెళ్ళి వెదకినా ఆచూకీ దొరకలేదు. అయినా ఆయన ఏ నెలలో, ఏ దిక్కుకు వెళ్ళారో ఈనాటికీ మనం చెప్పగలుగుతున్నామంటే కారణం, చెప్పి వెళ్ళటమే.

మన ఆదివార పాఠశాల పాఠాలు జ్ఞాపకం చేసుకోండి. మోషే కొండమీదికి వెళ్ళి నలుబది దినాలున్నాడు. క్రింద ఉన్న జనం ఎదురుచూడలేక త్రోవ తప్పారు. కొండమీద ఉన్నవానిది ఒక పరీక్ష, క్రింద ఉన్నవారిది ఇంకొక పరీక్ష. రెండవది తేలికైనదని ఎవరూ అనుకోరాదు. ఒంటివాడు పడితే లేవనెత్తేవాడుండడని ప్రసంగి గ్రంథంలో చదువుకున్నది కూడా ఇటువంటి ప్రయాణాలకు చక్కగా సరిపోతుంది.

చెయ్యి పట్టుకొని ఎక్కినవారు

మరి పిల్లలను కొండలకు పంపనే కూడదా? అలా అనలేము. 2014 మే 25న నిజామాబాదు జిల్లా పాకాల గ్రామపు గిరిజన బాలిక మాలావత్ పూర్ణ టిబెట్టువైపునుండి ఎవరెస్టు ఎక్కింది. అప్పటికి ఆమె వయస్సు 13 సంవత్సరాల 11 నెలలు. ఆమెతోబాటు ఖమ్మం జిల్లాకు చెందిన ఆనంద్‌కుమార్ కూడా ఎక్కాడు. ఇద్దరూ ప్రభుత్వ సాంఘిక సంక్షేమ గురుకుల పాఠశాలల విద్యార్థులు, కూలిపని చేసుకొనే ఇళ్ళనుండి వచ్చిన బిడ్డలు.

వారి వెనుక ఎంతమంది ఉన్నారో చూడండి. ముందుగా భువనగిరి గుట్టమీద శిక్షణ ఇచ్చారు. తరువాత డార్జిలింగులో నేర్పించారు. చలికి, ఎత్తుకు మెల్లగా అలవాటు చేశారు. శిక్షకులు, షెర్పాలు కొండమీద ప్రక్కనే ఉన్నారు. పూర్ణ అక్కడితో ఆగలేదు. 2022 జూన్‌లో డెనాలి ఎక్కి, తాను కూడా ఏడు ఖండాల శిఖరాలు పూర్తిచేసింది. ఎవరెస్టునుండి అక్కడికి ఎనిమిదేళ్ళు పట్టింది. ఒకరిది 172 రోజుల దారి, ఒకరిది ఎనిమిదేళ్ళ దారి. రెండూ గొప్పవే. పల్లెటూరి బిడ్డలకు ఏ దారి అందుబాటులో ఉన్నదో, ఏ దారిలో తల్లి కొంచెమైనా నిద్రపోగలదో మనకు తెలుసు.

వెళ్ళేవారికి, పంపేవారికి

విదేశాలలో ఉన్న మన యౌవనస్థులు ఈ పేజీ చదివితే, లేక ఇంటివారు చదివి వినిపిస్తే, ఈ కొద్ది మాటలు మనస్సున ఉంచుకోవాలి.

మొదటిది, చెప్పి వెళ్ళండి. ఏ కొండ, ఏ దారి, ఎప్పటికి దిగుతారు, ఏ గంట దాటితే ఎవరికి ఫోను చేయాలి అన్నది వ్రాసి ఒక మనిషి చేతికి ఇవ్వండి. ఇంటికి చెబితే అమ్మ భయపడుతుందని దాచకండి. తెలిసిన భయం కంటే తెలియని భయం పెద్దది.

రెండవది, తిరుగుముఖం పట్టే గంట ముందే నిర్ణయించుకోండి. మధ్యాహ్నం ఫలానా గంటకు శిఖరం చేరకపోతే ఎక్కడ ఉన్నా వెనుదిరగాలి. శిఖరం చేరటం సగం ప్రయాణమే. అలసిన కాళ్ళతో దిగేటప్పుడే చాలామంది జారి పడతారు.

మూడవది, ఆకాశాన్ని గౌరవించండి. ఏటి పడవ నడిపే సరంగు నీటి రంగు మారితే పడవ కట్టివేస్తాడు. వానిని పిరికివాడని ఎవరూ అనరు. కొండమీద మబ్బు కమ్మినప్పుడు వెనుదిరిగినవాడు కూడా అటువంటి తెలివిగలవాడే.

నాల్గవది, మొదటి కొండకు ఒంటరిగా వెళ్ళకండి. దారి తెలిసినవారితో వెళ్ళి నేర్చుకోండి. ఆ దేశపు చట్టం, అనుమతి, అక్కడ ఆపదలో పిలవవలసిన నంబరు ముందుగా తెలుసుకోండి. ఎత్తైన కొండలలో ఫోను అందదు. ఉపగ్రహం ద్వారా కబురు పంపే చిన్న పరికరాలు ఇప్పుడు దొరుకుతున్నాయి, వాటిని అద్దెకైనా తీసుకోండి.

తలిదండ్రులకు కూడా ఒక మాట. కొడుకు వెనుదిరిగి వచ్చానని చెబితే "ఇంత ఖర్చుపెట్టి వెళ్ళి ఎక్కలేదా?" అని అనకండి. ఆ ఒక్క మాట వానిని మరొకసారి మబ్బులోకి నెడుతుంది. "మంచిపని చేశావు నాన్నా" అనండి. పరీక్ష తప్పిన బిడ్డకూ, గల్ఫులో పని కుదరక తిరిగి వచ్చిన అల్లుడికీ ఈ మాటే అవసరం. వెనుదిరిగి వచ్చే ధైర్యం ఉన్న ఇల్లు దీవెనగల ఇల్లు.

మస్తాన్‌బాబు చదివిన కోరుకొండ పాఠశాలలో ఒక పిల్లవాడు విగ్రహం చూసి ఆశపడ్డాడు. ఈనాడు మస్తాన్‌బాబు కథ విని మన పిల్లలు ఆశపడతారు. ఆశపడనివ్వండి. ఆ కథ మాత్రం సగం చెప్పకండి. ఏడు శిఖరాలతోబాటు ఆ ఎనిమిది పది రోజుల ఎదురుచూపును కూడా చెప్పండి. అప్పుడు వారు ఎక్కటంతోబాటు ఇంటికి రావటం కూడా నేర్చుకుంటారు.

కుటుంబంగా మాట్లాడుకొనుటకు

1. మన ఇంటినుండి దూరం వెళ్ళినవారు ఎక్కడ ఉన్నారో, ఆపద వస్తే ఎవరిని పిలవాలో మన ఇంట్లో ఎక్కడైనా వ్రాసిపెట్టి ఉన్నదా?

2. మన ఇంట్లో ఎవరైనా ఓడిపోయి తిరిగి వచ్చినప్పుడు మనం మొదట అన్న మాట ఏమిటి?

3. ఒంటరిగా చేయవలసిన పని ఏది, తోడుతో చేయవలసిన పని ఏది అని పిల్లలకు ఎలా నేర్పుదాం?